అత్తగారి చెవి, కోడలి గొంతు: ఒక కూచిపూడి టీచరు కేసు

గొంతులో నాడ్యూల్స్‌తో (స్వరతంత్రుల మీద కాయల్లాంటి చిన్న బుడిపెలు) వచ్చే టీచర్లు మా వాయిస్ క్లినిక్‌కి కొత్త కాదు. ఈ కేసు రాసిపెట్టుకోవడానికి కారణం వేరు. పరీక్ష సరిగ్గానే జరిగింది, రోగం పేరు సరిగ్గానే పెట్టాం, ఇచ్చిన ఎక్సర్‌సైజులూ సరైనవే. అయినా ఆరు వారాల పాటు చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఎందుకు లేదో తెలుసుకోవడానికి మరో రెండు వారాలు పట్టింది. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాం. ఊరు, కుటుంబం వివరాల్లో గుర్తుపట్టేవి కొన్ని తీసేశాం, కొన్ని మార్చాం.

నేపథ్యం

నలభై దాటిన కూచిపూడి టీచరు. కోస్తా ఆంధ్రలో ఒక పట్టణం. ఇరవై ఏళ్ళకు పైగా ఇంటి మేడమీద క్లాసులు చెబుతున్నారు. వారంలో అయిదు రోజులు సాయంత్రం 5 నుంచి 8 దాకా రెండు బ్యాచ్‌లు, శనివారం పొద్దున పెద్దపిల్లలకి ఒకటి. ఆదివారం పొద్దున గుడి మండపంలో, ఫీజు కట్టలేని పిల్లలకి రెండు గంటల ఉచిత క్లాసు. దానికి ముప్ఫై అయిదు మంది దాకా వస్తారు. నవరాత్రులకీ శ్రీరామనవమికీ గుడిలో ప్రోగ్రాములు సరేసరి. పేటలో ఎవరింట్లో ఏ వేడుక జరిగినా మైకు ఆవిడ చేతికే ఇస్తారు. ఇంట్లో భర్త, ఇంటర్ చదివే కొడుకు, హైస్కూలు కూతురు, డెబ్భై అయిదు దాటిన అత్తగారు.

కూచిపూడి నేర్పడంలో గొంతు మీద పడే బరువు బయటివాళ్ళు ఊహించుకునేదాని కంటే ఎక్కువ. చెక్కమీద కర్రతో లయ వేస్తూ జతులు (తకిట, తకధిమి లాంటి లయ మాటలు) చెప్పాలి, మూడు కాలాల్లోనూ, అంటే మూడు వేగాల్లో. నట్టువాంగమంటే చేతిలో తాళాలు, నోట్లో జతులు, రెండూ ఒకేసారి. దరువులు, అంటే పాత్రల పాటలు, పాడి చూపించాలి. కూచిపూడిలో వాచికాభినయం ఉంది కాబట్టి పాత్ర మాటలు పలికించాలి, అందులో స్త్రీపాత్ర మాట పైస్థాయిలో ఉంటుంది. వీటి మధ్యలో తప్పులు దిద్దాలి. అన్నిటికంటే గొంతుని ఎక్కువ తినేది అరమండిలో (మోకాళ్ళు పక్కలకి సగం వంచి) కూర్చుని అడుగు వేసి చూపిస్తూ అదే ఊపిరితో జతి చెప్పడం. నడుము నిలబడడానికి పొట్ట బిగించే ఉంచాలి, అందుకని ఊపిరి పై పైన ఆడుతుంది. కింద లేని బలాన్ని గొంతు దగ్గర తెచ్చుకోవాల్సి వస్తుంది.

వచ్చిన సమస్య

ఏడు నెలలుగా బొంగురు. పొద్దున కాస్త పలుకుతుంది. సాయంత్రం రెండో బ్యాచ్ సగానికి వచ్చేసరికి పైస్థాయి పోతుంది, మాట మధ్యలో ఉత్త గాలి వస్తుంది. మెడ ముందు భాగం పట్టేసినట్టు నొప్పి. మాట్లాడుతున్నంతసేపూ గొంతు సవరించుకుంటూనే ఉన్నారు. అప్పటికే మిరియాల కషాయం, బుగ్గన కరక్కాయ, పిప్పరమెంటు బిళ్ళలు అయిపోయాయి. రెండు కోర్సుల యాంటీబయాటిక్స్, రెండు నెలల ఎసిడిటీ మాత్రలు కూడా వాడారు. గొంతు లోపలికి చూసినవాళ్ళు మాత్రం లేరు. నాలుగు వారాలు దాటిన బొంగురుకి స్వరపేటిక చూడకుండా మందు మార్చుకుంటూ పోవడం తప్పు. పొగతాగే అలవాటున్నా, మెడలో గడ్డ ఉన్నా, మింగడం కష్టమైనా అన్నాళ్ళు కూడా ఆగకూడదు.

ఈఎన్‌టీ డాక్టరు స్ట్రోబోస్కోపీ (మెరిసే వెలుగులో తంత్రుల కదలికని కెమెరాతో చూసే పరీక్ష) చేశారు. రెండు స్వరతంత్రుల మీదా, ముందు మూడోవంతు మధ్య మూడోవంతుతో కలిసేచోట, ఎదురెదురుగా చిన్న నాడ్యూల్స్. కంపనంలో తంత్రులు బలంగా ఢీకొనే చోటు అదే. ఆడవాళ్ళు మామూలుగా మాట్లాడేటప్పుడే అవి సెకనుకి దాదాపు 200 సార్లు కొట్టుకుంటాయి. అరిస్తే ఆ లెక్కా పెరుగుతుంది, దెబ్బ బలమూ పెరుగుతుంది. పార పట్టిన అరచేతులు కాయలు కాసినట్టే ఇదీ. నాట్యం చేసేవాళ్ళకి ఈ పోలిక విడమరిచి చెప్పక్కర్లేదు, పాదాలు చూసుకుంటే చాలు. కాయలున్న చోట తంత్రులు ముందు తగులుకుంటాయి, దానికి అటూ ఇటూ సందు మిగులుతుంది. పైనుంచి కెమెరాలో చూస్తే ఆ సందు ఢమరుకం ఆకారంలో ఉంటుంది. మాటలో వినపడే గాలి అందులోంచి జారిపోతున్నదే.

కొలతలు ఇవి. ఒక్క ఊపిరితో 'ఆ' పట్టగలిగింది 7 సెకన్లు, ఆ వయసులో 15 చుట్టూ రావాలి. 'స్స్' ఎంతసేపు, తేనెటీగలా 'జ్జ్' ఎంతసేపు అని చూసి మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.7. అది 1.4 దాటితే తంత్రుల అంచుల్లో ఏదో ఉందని అనుమానిస్తాం. గొంతు విని ఒక్కో లక్షణానికి 0 నుంచి 3 దాకా వేసే జీఆర్‌బీఏఎస్ కొలమానంలో మొత్తం బొంగురు 2, గరుకు 2, గాలి 1, నీరసం 0, బిగింపు 2. వాయిస్ హ్యాండిక్యాప్ ఇండెక్స్ పది ప్రశ్నల పత్రంలో 40కి 24. అందులో 11 దాటితే గొంతు ఆ మనిషి బతుకుని ఇబ్బంది పెడుతున్నట్టు లెక్క.

"తీయించేస్తే పోతుంది కదండీ" అన్నారు భర్త. కాయ తీసినా, కాయించిన పని అలాగే ఉంటే మళ్ళీ కాస్తుంది. పైగా తంత్రి మీద మచ్చ పడితే ఆ బొంగురు జీవితాంతం ఉండొచ్చు. మెత్తగా ఉన్న నాడ్యూల్స్‌కి మొదటి చికిత్స వాయిస్ థెరపీయే, అంటే గొంతు వాడే తీరు మార్చే సాధన. కొన్ని నెలలు నిజాయితీగా చేశాక కూడా మిగిలితే అప్పుడు ఆపరేషన్ మాట. ఈఎన్‌టీ డాక్టరుదీ అదే మాట.

మౌనం పని చెయ్యలేదు

మా దగ్గరికి వచ్చేనాటికి, వేరేచోట ఎవరో చెప్పిన పదిహేను రోజుల మౌనంలో అయిదో రోజు నడుస్తోంది. ఆపించాలా, పూర్తి చెయ్యనివ్వాలా? ఎలాగూ మొదలుపెట్టారు, వాపన్నా తీస్తుందని పూర్తి చెయ్యనిచ్చాం. అది మా పొరపాటు. మౌనమంటే ఆవిడ దృష్టిలో గొంతు పైకి రాకుండా మాట్లాడటం. రోజంతా గుసగుసలే. గుసగుసలో చాలామందికి తంత్రులకి పైనున్న భాగం బిగుసుకుంటుంది కాబట్టి అది విశ్రాంతి కాదు. చేతులతో ఏదైనా చెప్పగల మనిషే, కానీ వంటింట్లో పట్టిన ముద్ర హాల్లో కూర్చున్నవాళ్ళకి కనపడదు. పదిహేనో రోజున 'ఆ' మళ్ళీ 7 సెకన్లే. పూర్తి మౌనం గొంతు ఆపరేషన్ తరవాత, లేదా తంత్రిలో రక్తం చేరినప్పుడు కొద్దిరోజులు అవసరం. నాడ్యూల్స్‌కి కావలసింది మాట్లాడే తీరు మారడం, అది నోరు మూసుకుంటే నేర్చుకునేది కాదు.

క్లాసులో చేసిన మార్పులు

ఒక సాయంత్రం క్లాసు మొత్తం రికార్డు చేయించి విన్నాం. ఆశ్చర్యంగా, జతులు చెప్పేటప్పుడు గొంతు అంత చెడ్డగా లేదు. చెడుతున్నది దిద్దేటప్పుడు. తకిట, తకధిమి, తధిగిణతొం లాంటివన్నీ హల్లుతో మొదలవుతాయి. 'త' అనేటప్పుడు దెబ్బ తగిలేది నాలుకకీ పళ్ళకీ. ఆ క్షణంలో తంత్రులు తెరుచుకునే ఉంటాయి, వెనకాల వచ్చే అచ్చు మెత్తగా అందుకుంటుంది. అదే 'ఆగు!', 'ఏయ్!', 'ఇటు చూడు!', 'ఇంకోసారి!', 'ఎత్తు చెయ్యి!' అన్నీ అచ్చుతో మొదలవుతాయి. వాటిని గట్టిగా అన్నప్పుడు తంత్రులు ముందే బిగిసి మూసుకుని, లోపలి ఊపిరికి పగిలినట్టు తెరుచుకుంటాయి. ఒక్క గంటలో అలాంటివి తొంభై దాటాయి.

తగ్గించండి అంటే తగ్గవు, బదులు ఇంకొకటి ఉండాలి. 'ఆగు' స్థానంలో తాళం ఒక్కసారి గట్టిగా మోగించడం. 'ఇంకోసారి' బదులు 'మళ్ళీ', 'ఎత్తు చెయ్యి' బదులు 'చెయ్యి పైకి', 'ఇటు చూడు' బదులు 'నన్ను చూడు'. 'ఏయ్' బదులు పిల్ల పేరు. పేరే అచ్చుతో మొదలయ్యేవాళ్ళు ఒక బ్యాచ్‌లో నలుగురున్నారు. వాళ్ళకి ముందు 'నాన్నా' అని చేర్చుకున్నారు. మ, న లతో మొదలైన మాట ముక్కులో మోగుతూ బయటికొస్తుంది, గొంతు మీద భారం తక్కువ. ఇది అలవాటవడానికి మూడు వారాలు పట్టింది. తాళం మోగగానే ఆగడం మాత్రం పిల్లలకి రెండో రోజుకే వచ్చేసింది.

ఇక మైకు. నడుముకి చిన్న స్పీకరు, తలకి మైకు, స్కూలు టీచర్లు వాడే రకం. మొదటివారమే మూలన పడేశారు, రెండు కారణాలతో. ఒకటి, కుయ్యిమని కూత. టైల్స్ గది, స్పీకరు నడుము దగ్గర, మైకు దానికి మూరెడు పైన. స్పీకరు శబ్దం మళ్ళీ మైకులో పడితే కూత రాక ఏమవుతుంది? స్పీకరు విప్పి, ఆవిడకి ముందుగా స్టూలు మీద, పిల్లల చెవి ఎత్తులో, వాళ్ళవైపు తిప్పి పెట్టించాం. మైకు నోటికి ఎదురుగా కాకుండా పెదవి మూల పక్కన, రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో. రెండో కారణం అసలైనది. మైకు ఉన్నా ఆవిడ గొంతు తగ్గించలేదు, ఎందుకంటే కర్ర చప్పుడులో తన గొంతు తనకే వినపడటం లేదు. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడు. లోంబార్డ్ అనే ఫ్రెంచి డాక్టరు 1911లోనే రాసిన సంగతి ఇది. తగ్గించాల్సింది చప్పుడు. చెక్క కింద మందపాటి రబ్బరు ముక్క వేయించాం, గోడలకి రెండు పక్కల బరువైన కర్టెన్లు కట్టించాం. నేలమీద చాపలు పరిస్తే ప్రతిధ్వని ఇంకా తగ్గేది గానీ అడుగు చప్పుడు వినకుండా నాట్యం నేర్పలేరు, అందుకని నేల జోలికి పోలేదు. మైకు వాల్యూమ్ పెట్టుకునే పద్ధతి: పక్క మనిషితో మాట్లాడినంత గొంతుతో ఒక జతి చెప్పాలి, వెనక వరసలో చివరి పిల్ల దాన్ని తప్పు లేకుండా తిరిగి చెప్పేదాకా వాల్యూమ్ పెంచాలి. అక్కడ ఆపెయ్యాలి.

జతుల్ని ముందే రికార్డు చేసి వినిపించడం సగమే పనికొచ్చింది. పిల్ల తప్పితే రికార్డు ఆగదు. దాని మీద నుంచి టీచరు అరవాలి, అంటే ఉన్నదానికంటే ఎక్కువ భారం. చివరికి కుదిరిన పద్ధతి: మొదటి కాలం నోటితో, పిల్లలు నిలదొక్కుకున్నాక చేసే ఆవృత్తులకి రికార్డు. అడుగు చూపించేటప్పుడు జతి సీనియర్ విద్యార్థిని చెబుతుంది. చూపించడం, చెప్పడం ఒకే ఊపిరితో వద్దు.

ఎక్సర్‌సైజులు

గ్లాసులో నాలుగు వేళ్ళ ఎత్తున నీళ్ళు, మామూలు స్ట్రా, కొస నీళ్ళలో 2 సెంటీమీటర్లు మాత్రమే. పెదవులతో చుట్టూ గాలి పోకుండా పట్టి 'ఊ' అంటూ బుడగలు తెప్పించాలి. ముందు ఒకే శ్రుతిలో, తరవాత కిందినుంచి పైకి, పైనుంచి కిందికి. రోజుకి నాలుగుసార్లు, ఒక్కోసారి మూడు నిమిషాలు. అందులో ఒకటి క్లాసుకి ముందు, ఒకటి క్లాసు అయ్యాక తప్పనిసరి. నోటి దగ్గర దారి ఇరుకైతే వెనక్కి ఒత్తిడి వచ్చి తంత్రుల్ని కొంచెం ఎడంగా పడుతుంది, తక్కువ దెబ్బతో స్వరం పలుకుతుంది.

మొదట్లో నీళ్ళు గ్లాసు బయటికి ఎగిరిపడ్డాయి. ఎక్కువ ఊదితే మంచిదనుకున్నారు. నాట్యం నేర్పేవాళ్ళలో ఈ తప్పు మామూలే, శ్రమ కనపడకపోతే సాధన అనుకోరు. బుడగలు అన్నం ఉడుకుతున్నట్టు సమానంగా రావాలి, ఎగిరితే బలం ఎక్కువైనట్టు. రెండోవారం నుంచి స్ట్రా తీసేసి 'మ్మ్' అని తుమ్మెద రొద. ముక్కుదూలం మీదా పెదవుల మీదా గిలిగింత తెలియాలి. ఆ మోత పోనివ్వకుండానే జతి లయలో 'మమమమ', ఆపైన 'తకధిమి'. గొంతు సవరించుకోవాలనిపిస్తే ఒక గుక్క నీళ్ళు, లేదా గట్టిగా ఒక గుటక.

ఆదివారం క్లాసు ఆపమన్నాం

మా లెక్క సులువు. తెరిచిన మండపం, ముప్ఫై అయిదు మంది, పక్కన రోడ్డు, పైన గుడి మైకు. అన్నిటికంటే గొంతుకి చేటు ఈ రెండు గంటలే. పైగా రూపాయి రాదు, ఆపితే నష్టం లేదనుకున్నాం. ఆవిడ సరేనన్నారు, మూడు వారాలు ఆపారు. నాలుగోవారం నుంచి మాకు చెప్పకుండా మళ్ళీ మొదలుపెట్టారు. ఎక్సర్‌సైజు డైరీ తిరగేస్తే ఆ మూడు వారాల్లోనే సాధన రోజుకి నాలుగు నుంచి ఒకటికి పడిపోయింది. నేను దేవుడికి చేసే పని అదొక్కటేనండీ అన్నారు అడిగితే. దేనికోసం గొంతు కావాలో దాన్నే మేం తీసేశాం, ఇక గొంతు బాగుచేసుకోవాలని ఆవిడకి ఎందుకుంటుంది?

తిరిగి ఇచ్చాం, షరతులు మార్చి. పద్దెనిమిది మంది చొప్పున రెండు జట్లు, ఒక్కో జట్టుకి యాభై నిమిషాలు, మధ్యలో ఇరవై నిమిషాలు నోటికి సెలవు. ప్రతి అయిదుగురు చిన్నపిల్లలకి ఒక పెద్దపిల్ల. గుడి కమిటీ పెద్దలతో భర్త మాట్లాడి ఆ సమయంలో మైకులో పాటలు ఆపించారు. అది పది నిమిషాల్లో తేలిపోయింది, ఇరవై ఏళ్ళుగా ఎవరూ అడగలేదు, అంతే.

ఆరు వారాల తరవాత

'ఆ' 7 నుంచి 8 సెకన్లకి వచ్చింది. అది కొలతలో తేడా అయినా కావచ్చు. బొంగురు అలాగే ఉంది. మందు సరైనదే, రోగం సరైనదే, రోగి సాధన చేస్తోంది, గుణం లేదు. అలాంటప్పుడు మోతాదు పెంచాలనిపిస్తుంది. పెంచే ముందు డైరీని మొదటినుంచి చదివాం. సంక్రాంతికి ఎనిమిది రోజులు క్లాసులు లేవు. కారణం క్లాసే అయితే ఆ ఎనిమిది రోజుల్లో గొంతు తేలికపడాలి. ఆవిడ రాసుకున్నది మాత్రం 'నాలుగో రోజు నుంచి బాగా బొంగురు'. పండగ, చుట్టాలు, మాటలు అనుకుని మొదటిసారి దాటేశాం. రెండోసారి దాటలేకపోయాం.

అదే వారం సెషన్ మధ్యలో ఫోన్ మోగింది. అప్పటిదాకా చక్కగా 'మ్మ్' అంటున్న మనిషి కుర్చీలోంచి లేచారు. గడ్డం పైకెత్తి, మెడ నరాలు తాళ్ళలా ఉబ్బగా, "అత్తయ్యా! ఆఁ! అన్నం హాట్‌బాక్సులో ఉంది! హాట్... బాక్సు!" అని నాలుగుసార్లు. ఫోన్ పెట్టేసి, కూర్చుని, గొంతు సవరించుకున్నారు. నలభై సెకన్లు. ఆ నలభై సెకన్లలో అచ్చుతో మొదలైన కేకలు, ఎత్తిన గడ్డం, బిగిసిన మెడ, అన్నీ ఉన్నాయి. క్లాసు రికార్డింగులో కూడా అంత గట్టి గొంతు మేం వినలేదు.

మొదటిరోజు ఇంట్లో ఎవరికైనా చెవుడుందా అని అడిగాం. లేదని రాసి ఉంది. ఇప్పుడు మళ్ళీ అడిగితే, "చెవుడేం కాదండీ, అత్తయ్యగారికి కాస్త మెల్లగా వినపడుతుంది, అంతే" అన్నారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు. అత్తగారి మీద బయట చాడీ చెప్పినట్టవుతుందని అలాంటి ప్రశ్నకి ఏ కోడలైనా అలాగే జవాబిస్తుంది. తప్పు ప్రశ్నది.

వారం రోజులు పావుగంటకొక గడి ఉన్న కాగితం ఇచ్చాం. మెల్లగా, మామూలుగా, గట్టిగా అని మూడు వరసలు, ఏది నిజమో అందులో గీత. కూతురు ఫోన్ యాప్‌తో మీటరు దూరం నుంచి శబ్దం కొలిచింది. యాప్ లెక్కలు కచ్చితమైనవి కావు గానీ ఒకే ఫోన్‌తో రెండు చోట్లని పోల్చుకోవడానికి పనికొస్తాయి. తేలింది ఇది: క్లాసు ఉన్న రోజు గట్టి గొంతు క్లాసులో 2 గంటల 10 నిమిషాలు, ఇంట్లో 1 గంట 40 నిమిషాలు. క్లాసు లేని రోజు ఇంట్లో 3 గంటలు దాటింది. మైకు వచ్చాక క్లాసులో గొంతు తగ్గింది కాబట్టి ఇంటి గొంతే ఎక్కువ మోతగా ఉంది. పైగా అది పొద్దున అయిదున్నరకే మొదలు, ఇంకా తేరుకోని గొంతుతో, వంటింట్లోంచి హాల్లోకి, టీవీ భక్తి చానల్ మీదుగా. సంక్రాంతి లెక్క అప్పుడు కుదిరింది.

అత్తగారు

ఇక్కడినుంచి చికిత్స ఇంకో మనిషికి జరగాలి, ఆవిడేమో మా పేషెంటు కాదు. చెవి పరీక్షకి రమ్మంటే రారని టీచరు భర్త ముందే చెప్పారు. నాలుగేళ్ళ క్రితం దుకాణంలో పరీక్ష లేకుండా కొన్న చెవి మిషన్ బీరువాలో ఉంది, ఈలలు వేస్తోందని రెండో రోజే తీసేశారట. అందుకని ఆవిడ చెవి మాట ఎత్తకుండా ఉన్నమాటే కబురు చేశాం: కోడలి గొంతు కుదురుకోవడానికి మీ సాయం కావాలి, ఒకసారి రండి. వచ్చారు. కోడలి స్ట్రోబోస్కోపీ బొమ్మ చూపించి, ఎందుకొచ్చిందో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చాం. చాలాసేపు చూసి, "ఇన్నాళ్ళూ నాతో చెప్పవేమే" అన్నారు కోడలితో. పరీక్షకి ఒప్పుకున్నది ఆ మాట తరవాతే.

రెండు చెవుల్లోనూ గులిమి గట్టిపడి ఉంది. అది తీయకుండా పరీక్షిస్తే లెక్క తప్పుతుంది కాబట్టి ముందు ఈఎన్‌టీ డాక్టరు చేత తీయించాం. ఆ తరవాత ఆడియోగ్రామ్‌లో (వినికిడి పరీక్ష) లోపం సగటు కుడి 46, ఎడమ 49 డెసిబెల్స్, పైస్థాయి శబ్దాల్లో ఇంకా ఎక్కువ లోపం. వయసుతో వచ్చే వినికిడి లోపం తీరే అది. ఇలాంటి చెవికి అచ్చులు వినపడతాయి, స, శ, త, క లాంటివి జారిపోతాయి. మాట వినపడుతుంది, ఏం మాటో తెలియదు. గొంతు పెంచితే పెరిగేది ముఖ్యంగా అచ్చులే కాబట్టి అరుపు పెద్దగా సాయపడదు.

ఇంకొకటి ఉంది. ఇంట్లో అందరూ నవ్వుకునే ఫిర్యాదు: మెల్లగా చెబితే 'వినపడలా' అంటారు, గట్టిగా చెబితే 'ఎందుకే అలా అరుస్తావు' అంటారు. అది చాదస్తం కాదు. లోపలి చెవి దెబ్బతిన్నప్పుడు చిన్న శబ్దం అసలు తెలియదు, కాస్త పెంచితే ఒక్కసారిగా భరించలేనంత అవుతుంది. మధ్యలో ఉండాల్సిన మెట్లు అరిగిపోతాయి. ఈ ఒక్క వివరణతో ఆ ఇంట్లో ఎంత కోపం కరిగిందో కొలిచే పత్రం మా దగ్గర లేదు.

రెండు చెవులకీ చెవి వెనక పెట్టుకునే మిషన్లు, చెవి అచ్చు తీసి చేయించిన మోల్డ్‌లు. పాతది ఈల వేయడానికి కారణం గులిమి, వదులుగా ఉన్న రబ్బరు మూత. లోపల సెట్టింగు ఆవిడ చెవికి తగ్గట్టు చేసిందీ కాదు. మొదటివారం రోజుకి రెండు గంటలు, నిశ్శబ్దమైన గదిలో, ఒక్కరితో మాట. రెండోవారం నాలుగు గంటలు, టీవీతో సహా. మూడోవారం గుడికి. పదో రోజున కుక్కరు కూత, స్టీలు గిన్నెల చప్పుడు చెవిలో పొడుస్తున్నాయని వచ్చారు, గట్టి శబ్దాల పరిమితి తగ్గించాం. ఈ పదో రోజు సందర్శన లేకపోతే ఈ మిషన్లూ బీరువాలోకే పోయేవి. బ్యాటరీ 13 సైజు. నారింజరంగు స్టిక్కరు పీకాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి పెట్టాలి, ఒకటి రెండు వారాలు వస్తుంది. తీర ప్రాంతపు తేమకి రాత్రిళ్ళు బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో పెట్టాలి.

మిషన్ ఒక్కటే చాలదు. మాట్లాడే ముందు దగ్గరికి వెళ్ళి, భుజం తట్టి, ముఖం వెలుగులో కనపడేలా నిలబడాలి. మామూలు గొంతు, కాస్త నిదానంగా. అర్థం కాకపోతే అదే మాట గట్టిగా అనొద్దు, వేరే మాటతో చెప్పాలి. 'హాట్‌బాక్సు' అర్థం కాకపోతే 'అన్నం డబ్బా'. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పిలవడం పూర్తిగా బంద్. దానికి వైర్‌లెస్ కాలింగ్ బెల్ కొన్నారు, బటన్ వంటింట్లో, బెల్ అత్తగారి మంచం పక్కన. మనవడూ మనవరాలూ వంతులేసుకుని నాయనమ్మతో మాట్లాడాలని మేం వేసిన టైమ్‌టేబుల్ మాత్రం నాలుగు రోజుల్లో అటకెక్కింది. ఆవిడకి కబుర్లు కోడలితోనే కావాలి.

ఫలితం

మిషన్లు పెట్టిన ఆరో వారానికి ఇంట్లో గట్టి గొంతు రోజుకి ఇరవై నిమిషాలకి దిగింది. అదే స్ట్రా, అదే 'మ్మ్'. మొదటి సెషన్ నుంచి అయిదో నెల చివర 'ఆ' 14 సెకన్లు, స్-జ్ నిష్పత్తి 1.1, పది ప్రశ్నల స్కోరు 9. స్ట్రోబోస్కోపీలో ఎడమ నాడ్యూల్ పోయింది, కుడివైపు కొంచెం మందం మిగిలింది. ఆపరేషన్ ప్రసక్తి రాలేదు.

నవరాత్రుల్లో ఆరో రోజున గొంతు మళ్ళీ పోయింది. నట్టువాంగం, వ్యాఖ్యానం రెండూ ఆవిడే. ఒక్కసారిగా పోయింది కాబట్టి మర్నాడే స్వరపేటిక చూపించాం, రక్తం చేరిందేమోనని. అలా చేరి ఉంటే పూర్తిగా ఆపాల్సిందే. లేదు, వాపు మాత్రమే. రెండు రోజులు తక్కువ మాట, స్ట్రా, వ్యాఖ్యానం వేరొకరికి. వారానికి తేరుకుంది. పండగ జాబితా నెల ముందే తెప్పించుకుని, ఒకే రోజు ఏ రెండు పనులు కలవకూడదో అప్పుడే రాసి ఉంటే ఇది తప్పేది.

మేం మార్చుకున్నవి

కేసు పత్రంలో 'ఇంట్లో చెవుడు ఉందా' అన్న ప్రశ్న కొట్టేశాం. దాని బదులు అడుగుతున్నవి: రోజులో మొదటి గట్టి మాట ఎన్ని గంటలకి, ఎవరితో? ఇంట్లో టీవీ వాల్యూమ్ ఎవరు పెడతారు? ఫోన్‌లో లేచి నిలబడి మాట్లాడేది ఎవరితో? సెలవుల్లో గొంతు ఎలా ఉంటుంది? వీటికి జవాబివ్వడానికి ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యక్కర్లేదు. ఉద్యోగంలో గొంతు ఎంత వాడారో అడిగే పత్రం పక్కనే ఇంటి పత్రం కూడా మొదటివారమే ఇస్తున్నాం. ఫీజు లేని పనిని ముందు కోసేసే అలవాటు మానుకున్నాం, అది ఎందుకు చేస్తున్నారో తెలిసేదాకా.

ఆవిడ ఇప్పుడు మూడు నెలలకోసారి వస్తున్నారు. డైరీలో వరుసగా రెండు రోజులు 'బొంగురు' అని పడితే మాకు ఫోన్ చేసే ముందు అత్తగారి బ్యాటరీ చూడమని చెప్పాం. ఇప్పటికి మూడుసార్లు అలా పడింది, రెండుసార్లు బ్యాటరీయే.